విజయనగరంలో కొట్టు పెట్టే ముందు ఎవరి లెక్క నమ్మాలి?

మా పెద్ద మేనత్త కొడుకుకి పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు షెడ్డు ఉంది. పిక్కలు కొని, ఉడకబెట్టి కొట్టించి, ఆరబెట్టి తొక్క తీయించి, గుండు, బద్ద, ముక్క అని విడదీసి వ్యాపారులకి వెయ్యడం ఆయన పని. నేనుండేది శ్రీకాకుళంలో. జీఎస్టీ రిటర్నులు వేస్తూ, బ్యాంకు లోన్లకి ప్రాజెక్టు రిపోర్టులు రాస్తూ బతుకుతున్నాను. ఒకరోజు పొద్దున్నే ఆయన ఫోను.

“బామ్మర్దీ, ఇజీనగరం గంటస్తంభం కాడ షాపు ఖాళీ అయ్యింది. మన పప్పు మనమే ప్యాకెట్లు కట్టి అమ్ముకుందాం. మసాలా జీడిపప్పు కూడా పెడదాం. నువ్వు రిపోర్టు రాసెయ్, లోను అడుగుదాం.”

“అక్కడ అమ్ముడవుద్దని ఎలా తెలుసు బావా?”

“ముప్పై మందిని అడిగేను. అందరూ కొంటామనే అన్నారు. ఇంకేటి కావాలి నీకు?”

ఇలాంటి ఫోన్లు నాకు నెలకి రెండైనా వస్తాయి. మెంటాడలో ఇటుకల బట్టీ, రాజాంలో రెడీమేడ్ బట్టలు, నరసన్నపేటలో బేకరీ. ఊరూ సరుకూ మారతాయి, “అందరూ కొంటామన్నారు” అన్న మాట మారదు. వ్యాపారం పెంచే ముందు సమాచారం సేకరించుకునే దారులు ఐదారు ఉన్నాయి. ఏ దారి ఏ పనికి వస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో మా బావ జీడిపప్పు పక్కన పెట్టుకుని చెప్తాను. మీది కిరాణా అయినా, మెకానిక్ షెడ్డయినా తూకం వేసే పద్ధతి ఒకటే.

ముందు ప్రశ్నని అంకెలోకి దించాలి

“ఆడుతుందా, ఆడదా” అని అడిగితే ఎవడి నోటికొచ్చిన జవాబు వాడు చెప్తాడు. అందుకని ఆరోజు సాయంత్రం బావని కూర్చోబెట్టి కాగితం మీద ఖర్చు రాయించాను. అద్దె 18,000. ఇద్దరు పనివాళ్ళకి 22,000. కరెంటు, ప్యాకింగు 6,000. లోను వడ్డీ 8,000. మొత్తం నెలకి 54,000. వ్యాపారికి వేసే రేటుకీ షాపులో అమ్మే రేటుకీ మధ్య కిలోకి 120 రూపాయలు మిగులుతుందని ఆయన లెక్క. అంటే నెలకి 450 కిలోలు అమ్మితే ఖర్చుకి ఖర్చు సరిపోతుంది. రోజుకి 15 కిలోలు. పావుకిలో ప్యాకెట్లయితే 60.

ఈ అంకెలు ఆయనవి, మీవి వేరుగా ఉంటాయి. కానీ ఆ 60 కాగితం మీద పడగానే బావ మొహం మారింది. “జనం కొంటారా” అన్న ప్రశ్న కాస్తా “వర్షం పడే మంగళవారం నాడు కూడా అరవైమంది లోపలికొచ్చి పావుకిలో చొప్పున పట్టుకెళ్తారా” అయ్యింది. ఇది అడగొచ్చు, చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు. ఈ అంకె లేకుండా ఏ సర్వే చేయించినా డబ్బు దండగ. జవాబు వచ్చాక దాన్ని దేనితో పోల్చాలో తెలియదు కదా.

రెండో ప్రశ్న: తప్పయితే వెనక్కి రాగలమా? ఇరవై వేల సరుకు మిగిలిపోతే ఇంట్లో తిని, చుట్టాలకి పంచి మర్చిపోవచ్చు. ఆరు నెలల అడ్వాన్సు, మూడేళ్ళ అగ్రిమెంటు, ఇల్లు తాకట్టు పెట్టిన లోను అలా కాదు. వెనక్కి రాగలిగిన పనికి పరిశోధన పేరుతో రెండు నెలలు ఆలోచించడం కూడా నష్టమే, వెళ్ళి చేసి చూడాలి. వెనక్కి రాలేని పనికి మాత్రం కింద చెప్పినవాటిలో కనీసం మూడు దారుల్లో వెళ్ళి, మూడూ ఒకే మాట చెప్తున్నాయో లేదో చూడాలి.

నలుగురినీ అడగడం

ఖర్చు: టీ డబ్బులు. అందుకే అందరూ ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు.

మనవైపు మొహం మీద కాదనడం మర్యాద కాదు. “జీడిపప్పు షాపు పెడితే కొంటావా?” అంటే పక్కింటాయన “ఎందుకు కొనం బాబూ” అంటాడు. అది కొనే మాట కాదు, పలకరింపు. జరగబోయేది అడిగితే మర్యాద జవాబు వస్తుంది. జరిగిపోయింది అడిగితే నిజం వస్తుంది. “పోయిన నెల జీడిపప్పు కొన్నారా? ఎక్కడ? ఎంత? ఎంత పెట్టి?” అని అడగాలి. బావని మళ్ళీ ఆ ముప్పైమంది దగ్గరికే ఈ ప్రశ్నలతో పంపించాను. సగానికి పైగా జనం కొన్నదే సంక్రాంతికో, ఇంట్లో శుభకార్యానికో. మిగిలినవాళ్ళలో కొందరు పలాస చుట్టాల చేత తెప్పించుకుంటున్నారట. ఉత్తరాంధ్రలో జీడిపప్పు అమ్మడానికి మొదటి పోటీ ఇంకో షాపు కాదు, పలాసలో ఉన్న తోడల్లుడు.

ముప్పై అంకె గురించి ఒక మాట. ఎలా పడితే అలా కాకుండా సరిగ్గా, ఏ ముందస్తు ఎంపికా లేకుండా ముప్పైమందిని అడిగి, అందులో ఒక్కరు కూడా కాదనకపోయినా, మొత్తం జనంలో పదిమందికి ఒకరు దాకా కాదనేవాళ్ళు ఉండొచ్చని గణితం చెప్తుంది. మూడుని మీరు అడిగిన మనుషుల సంఖ్యతో భాగిస్తే ఆ అంచనా వచ్చేస్తుంది. అదీ చుట్టాలనీ, స్నేహితులనీ కాకుండా ఊళ్ళోవాళ్ళని అడిగినప్పుడు. బావ అడిగిన ముప్పైలో పన్నెండుమంది పెళ్ళి ఆల్బంలో కనిపిస్తారు.

అడగడంలో ఇంకో గొయ్యి ఉంది. మనకి దొరికేవాళ్ళంతా నిలబడినవాళ్ళే. షాపు మూసేసినవాడు ఆ షాపు అరుగు మీద కూర్చుని ఉండడు, విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటుంటాడు. కాబట్టి ఖాళీ అయిన షాపుకి ముందు ఎవరున్నారో కనుక్కుని వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. గంటస్తంభం దగ్గరి ఆ షాపుని ఖాళీ చేసినాయన నంబరు పక్కనున్న టైలరు ఇచ్చాడు. ఆయన పది నిమిషాల్లో చెప్పింది ముప్పైమందీ చెప్పలేదు: సాయంత్రం పూట షాపు ముందు బండి నిలపడానికి జాగా ఉండదు, ఓనరు ఏటా అద్దె పెంచుతాడు, వర్షానికి నీళ్ళు గడప దాకా వస్తాయి. నా మటుకు నాకు నలుగురినీ అడగడంలో అసలు లాభం ఇదే. ఎంతమంది కొంటారన్నది మనుషులు చెప్పలేరు గాని, ఎందుకు పోయిందో బాగా చెప్తారు.

మీ సొంత పుస్తకాలు

దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ తెరవరు. అమ్మకం బిల్లులు, అరువు పుస్తకం, ఫోన్‌పే చరిత్ర, నెలనెలా వేసే జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్ను. ఏ సరుకు ఏ నెలలో కదిలింది, ఎవరు మళ్ళీ మళ్ళీ వచ్చారు, ఎవరు ఆగిపోయారు అన్నీ అందులో ఉంటాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బావ జీఎస్టీఆర్-1 వేసేది నేనే. విజయనగరంలోని మూడు మిఠాయి షాపులు ఏడాదిగా ఆయన దగ్గర బద్ద, ముక్క కొంటున్నాయి. నా కంప్యూటర్‌లో నా చేత్తో కొట్టిన బిల్లులే. నేను పన్ను గడి నింపాను గాని ఆ పేర్లు చదవలేదు. మేమిద్దరం విజయనగరంలో కొనేవాళ్ళ కోసం వెతుకుతుంటే వాళ్ళు అప్పటికే కొంటున్నారు, పావుకిలో ప్యాకెట్లు కాకుండా డబ్బాల లెక్కన.

పుస్తకాల లోపం కూడా తెలుసుకోండి. వచ్చినవాళ్ళే అందులో ఉంటారు. వచ్చి, చూసి, కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉండరు. వాళ్ళ కోసం కిందిది.

కూర్చుని లెక్కపెట్టడం

ఒక నోటుబుక్కు, పెన్ను, ఎదురుగా టీ కొట్టు. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన దారి ఇది. బద్ధకం లేనివాడికి దీన్ని మించిన సర్వే లేదు.

బావ మొదట లెక్కపెట్టి తెచ్చిన అంకె చూసి నాకు నవ్వొచ్చింది. గంటకి ఎంతమంది ఆ రోడ్డు మీద నడుస్తున్నారో రాసుకొచ్చాడు. అదీ దసరా తర్వాత, సిరిమానోత్సవం జరిగే వారంలో. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే రోజున ఆ చుట్టుపక్కల మనిషి మీద మనిషి ఉంటాడు. ఆ జనాన్ని చూసి షాపు పెట్టడం, రథసప్తమి నాడు అరసవల్లి క్యూ చూసి అక్కడ హోటల్ కట్టడం లాంటిదే. ఆ ఒక్కరోజు నిజమే, మిగతా 364 రోజుల సంగతో?

మన రెండు జిల్లాల్లో కాలం లెక్క ఇంకాస్త చిక్కుది. వలస వెళ్ళినవాళ్ళంతా సంక్రాంతికి వస్తారు, జనవరి రెండో వారంలో పల్లెల్లో కూడా కొనుగోళ్ళు పొంగుతాయి. తీరం వెంబడి ఊళ్ళలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. గుజరాత్ వేరావల్ బోట్ల మీదికి వెళ్ళిన మగవాళ్ళు తిరిగొచ్చాక ఇంట్లో డబ్బు కనిపించే నెల వేరు, అప్పు తెచ్చుకునే నెల వేరు. అందుకని లెక్కపెడితే ఒక మామూలు మంగళవారం, ఒక శుక్రవారం, ఒక ఆదివారం, నెల మొదటివారంలో ఒకసారి, చివరివారంలో ఒకసారి పెట్టండి. పండగ వారం కూడా రాసుకోండి, కానీ వేరే పేజీలో.

ఏం లెక్కపెట్టాలి? నడిచేవాళ్ళని కాదు. అలాంటి సరుకే అమ్ముతున్న షాపులోంచి చేతిలో ప్యాకెట్‌తో బయటికొచ్చేవాళ్ళని. రెండోసారి వెళ్ళినప్పుడు బావ డ్రై ఫ్రూట్స్ అమ్మే ఒక కౌంటర్ ఎదురుగా మూడు సాయంత్రాలు, ఆరు నుంచి తొమ్మిది దాకా కూర్చున్నాడు. జీడిపప్పు కొన్నట్టు కనిపించినవాళ్ళు ముగ్గురు, ఐదుగురు, నలుగురు. మనకి కావలసింది 60. మా అత్త ఆ కాగితం చూసి “ఒరే, ఇది చాలదేట్రా” అంది. బావకి చాల్లేదు. “ఆడి సరుకు బాగోదు, మనది పలాస సరుకు” అన్నాడు. ఆ మాటలో నిజం ఉండొచ్చు. కానీ అనుకూలంగా వచ్చిన అంకెని వెంటనే ఒప్పుకుని, ఎదురొచ్చిన అంకెకి మాత్రం వంక వెతుకుతున్నామంటే మనం పరిశోధన చెయ్యట్లేదు, వకాల్తా పుచ్చుకున్నాం.

ప్రభుత్వ లెక్కలు

ఉచితం, పెద్దవి, గంభీరంగా కనిపిస్తాయి. జాగ్రత్తగా చదవకపోతే తప్పుదారి పట్టించేవి కూడా ఇవే.

2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, విజయనగరం జిల్లాది 23,44,474. ఈ అంకెల్ని ఇప్పటికీ రిపోర్టుల్లో అతికిస్తుంటారు. నేనూ అతికించాను. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ వైపు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. కాబట్టి 2011 “శ్రీకాకుళం జిల్లా” ఇప్పటి శ్రీకాకుళం జిల్లా కాదు. జిల్లా అంకె వదిలేసి మండలం, పట్టణం అంకెలు తీసుకుని మీరే కూడుకోవాలి. కొత్త జనగణన 2027 మార్చి 1ని లెక్కగా తీసుకుని జరగాల్సింది, అది చేతికొచ్చేదాకా పాత అంకెల్ని అటూఇటూగా చూడాల్సిందే.

అంకె నిజమైనా కాలం చెల్లిపోవచ్చు. ఉద్దానం జీడి, కొబ్బరి దిగుబడి గురించి 2017 నాటి పట్టిక ఎంత కచ్చితంగా ఉన్నా 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటల్ని పడగొట్టాక ఆ పట్టిక మీద పిక్కల సరఫరా అంచనా వేస్తే మునిగిపోతాం. అసలు పలాస షెడ్లకి ఉద్దానం పిక్క ఒక్కటే సరిపోదు, ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్క వస్తుంది. అందుకని బావ లాంటివాళ్ళు జిల్లా ఉద్యాన శాఖ లెక్కతో పాటు కేంద్ర వాణిజ్య శాఖ పెట్టే దిగుమతుల లెక్క కూడా చూడాలి. పిక్క ధర ఉద్దానంలోని కవిటిలోనే కాదు, ఆఫ్రికాలో ఐవరీకోస్ట్‌లోని అబిద్జాన్‌లోనూ తేలుతుంది.

సగటులు ఇంకో ఉచ్చు. 2023-24 గృహ వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద ఒక మనిషి నెల ఖర్చు పల్లెల్లో సగటున 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. ఇది చూసి “పట్టణంవాళ్ళ దగ్గర డబ్బుంది” అనుకుంటాం. ఆ పట్టణంలో ముంబై కూడా ఉంది, పాలకొండ కూడా ఉంది. పోల్చడానికి పనికొస్తుంది గాని, మీ వీధికి అమ్మకం అంచనా వెయ్యడానికి పనికిరాదు.

ఏవి బాగా పనికొస్తాయంటే చిన్న చిన్న, పేరు లేని లెక్కలు. మెకానిక్ షెడ్డు పెట్టాలంటే బళ్ళ రిజిస్ట్రేషన్ల లెక్కలుండే ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్ డ్యాష్‌బోర్డులో మీ రవాణా ఆఫీసు పరిధిలో ఏటా ఎన్ని బళ్ళు, ఏ రకం బళ్ళు రిజిస్టర్ అవుతున్నాయో ఉంటుంది. స్టేషనరీ కొట్టుకి మండలంలో ఏ బడిలో ఎంతమంది పిల్లలో యూడైస్ అనే ప్రభుత్వ బడుల లెక్కల్లో దొరుకుతుంది. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు వేసే గణాంకాల పుస్తకంలో మండలాలవారీ సమాచారం ఉంటుంది. దొరకనిది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. కాకపోతే ప్రశ్న సూటిగా ఉండాలి, “వ్యాపార అవకాశాలు తెలపగలరు” అని రాస్తే జవాబు కూడా అలాగే వస్తుంది.

డబ్బిచ్చి చేయించే రిపోర్టు

ఇది నా కూడు కాబట్టి జాగ్రత్తగా వినండి.

బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టు వ్యాపారం నడుస్తుందా లేదా అని కనుక్కోవడానికి రాసేది కాదు. వాయిదా కట్టగలడని చూపించడానికి రాసేది. మొదటి ఏడాది 60 శాతం సామర్థ్యం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80 అని వేస్తాం. బేకరీకీ అదే, ఇటుకల బట్టీకీ అదే, జీడిపప్పుకీ అదే. ఆ 60 ఎక్కడి నుంచి వచ్చిందని ఇన్నేళ్ళలో నన్ను అడిగినవాళ్ళు చాలా తక్కువ. వాయిదా ఎంతో ముందు తేల్చుకుని, దానికి సరిపడా అమ్మకం వెనక్కి లెక్కేసినవి కూడా ఉన్నాయి. రిపోర్టు అబద్ధం అనను. అది వేరే ప్రశ్నకి జవాబు. ఇంటికొచ్చి దాన్నే చదువుకుని ధైర్యం తెచ్చుకునేవాడిని చూస్తే మాత్రం నాకు భయం.

సబ్సిడీ మాట కూడా ఇక్కడే. సొంత ఉపాధికి లోనూ సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో తయారీ యూనిట్‌కి 50 లక్షలు, సేవల వ్యాపారానికి 20 లక్షల దాకా ప్రాజెక్టు ఖర్చు ఒప్పుకుంటారు, సబ్సిడీ ఎవరు, ఎక్కడ అన్నదాన్నిబట్టి 15 నుంచి 35 శాతం. అయితే ఆ సబ్సిడీ సొమ్ము మీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో మీ పేరు మీద పక్కన ఉంటుంది. చిన్న ఆహార తయారీదారుల కోసం ఉన్న ఇంకో కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈలో 35 శాతం, 10 లక్షలకి మించకుండా. మంచి పథకాలే. కానీ “35 శాతం వస్తుంది కదా” అన్నది మిషను కొనడానికి కారణం కాదు. మిగతా 65 మీ తలమీదే, సరుకు కొనేవాడిని ఏ పథకమూ ఇవ్వదు.

నిజంగా సర్వే చేసే కన్సల్టెంట్ దొరికితే మూడు అడగండి. ఎంతమందిని అడుగుతారు? వాళ్ళని ఎలా ఎంచుకుంటారు? ఏ రోజుల్లో, ఎక్కడ? వందమందిని అడిగితే వచ్చే శాతం పది అటూఇటూ ఉంటుంది. నాలుగొందలమందిని అడిగితే ఐదు అటూఇటూ. అదీ సరిగ్గా ఎంచుకుంటేనే. వందమందిని కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డవాళ్ళనే అడిగి “42.6 శాతం కొంటారు” అని చుక్క తర్వాత అంకె కూడా వేసిస్తే ఆ చుక్క దగ్గరే రిపోర్టు మూసెయ్యొచ్చు. లోను పాతిక లక్షలు దాటి, ఇల్లు తాకట్టులో ఉంటే ఈ ఖర్చు పెట్టడంలో తప్పులేదు. రెండు మూడు లక్షల పనికి అక్కర్లేదు.

యూట్యూబ్‌లో “నెలకి లక్ష” అని చెప్పే వీడియోల గురించి ఎక్కువ చెప్పను. చాలావాటి కింద మిషను అమ్మేవాడి నంబరు ఉంటుంది. ఏఐ చాట్‌బాట్‌ని విజయనగరంలో జీడిపప్పు అమ్మకం ఎంత అని అడక్కండి, నోటికొచ్చింది చెప్తుంది. “నా ప్లాను ఇది, ఇందులో తప్పులు వెతుకు” అని అడగండి, ఆ పనికి బాగుంటుంది.

“వస్తోంది కదా” అన్న లెక్క

ఇది దారి కాదు గాని మన రెండు జిల్లాల్లో ఎక్కువమంది డబ్బు పెట్టేది దీని మీదే. భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోంది, మూలపేట పోర్టు వస్తోంది, కాబట్టి లాడ్జి కడదాం, హోటల్ పెడదాం, స్థలం కొందాం.

భోగాపురానికి శంకుస్థాపన 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి జరిగింది. మొదటి కొబ్బరికాయ శబ్దం విని లోను తెచ్చినవాడు రెండో కొబ్బరికాయ దాకా నాలుగేళ్ళు వడ్డీ కట్టాడు. వస్తుందా రాదా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. ఎయిర్‌పోర్టు వస్తే మీ సరుకు కొనే మనిషి ఎవరు? ఆయన మీ షాపు ముందు ఆగడానికి కారణం ఏమిటి? అది ఎన్నో ఏడాదిలో? అప్పటిదాకా వాయిదా ఎవరు కడతారు? ఈ గొలుసులో ప్రతి లంకె పక్కనా మీకు ఎంత నమ్మకమో పదికి మార్కులు వేసుకోండి. నాలుగు లంకెలకీ పదికి ఏడేసి వేసినా, అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి గుణిస్తే మొత్తం నాలుగోవంతు కంటే తక్కువే మిగులుతుంది. ఒక్కో లంకె బలంగా కనిపించడమే ఇందులో మాయ.

చిన్నగా చేసి చూడడం

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో ఒక పద్ధతి గురించి రాశాడు. పని మొదలుపెట్టక ముందే అది ఘోరంగా విఫలమైపోయిందని ఊహించుకుని, ఎందుకు పోయిందో ఒక్కొక్కరూ కాగితం మీద రాయాలి. మనవాళ్ళు కీడెంచి మేలెంచమన్నది అదే. తేడా ఏమిటంటే మనం కీడెంచడం మొదలుపెట్టగానే ఇంట్లోవాళ్ళు “అపశకునం మాట్లాడకు” అంటారు. కాగితం మీద రాస్తే శకునం గొడవ ఉండదు.

మేం రాశాం. బావ రాసింది: సరుకు పాతబడి నూనె వాసన వస్తుంది. నేను రాసింది: అరవైమంది రారు. షెడ్డులో ముప్పై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్న పెద్దాయన రాసింది: “అరువు తిరిగి రాదు.” ముగ్గురి కాగితాల్లో ఆ ఒక్కదాన్ని మేం పట్టించుకోలేదు. షాపులో నగదు అమ్మకమే కదా అనుకున్నాం.

తర్వాత షాపు తీసుకోకుండా రెండు కౌంటర్ల మీద పావుకిలో ప్యాకెట్లు పెట్టించాం, ఒకటి మిఠాయి షాపు, ఒకటి సూపర్‌మార్కెట్. వాళ్ళకి కమిషను. ఎనిమిది వారాలు. మొదలుపెట్టే ముందే బావ చేత రాయించాను: “రెండు కౌంటర్ల మీద కలిపి రోజుకి సగటున 15 ప్యాకెట్లు దాటకపోతే షాపు మాట ఎత్తను.” అరవై కదా కావాల్సింది, పదిహేనుకి ఎందుకు దిగానంటే సొంత షాపుకి ఉండే చూపు కౌంటర్ మీది ప్యాకెట్‌కి ఉండదు కాబట్టి. అది నా అంచనా మాత్రమే. సంతకం పెట్టాక ఆ కాగితాన్ని మా అత్త దేవుడి గూట్లో పెట్టింది.

ట్రయల్ కూడా అబద్ధం చెప్పగలదు. ఉచితంగా రుచి చూపిస్తే అందరూ బ్రహ్మాండం అంటారు, మసాలా జీడిపప్పుకి మాకు అలాగే జరిగింది, డబ్బా ఖాళీ అయ్యింది, అమ్ముడైంది రెండు ప్యాకెట్లు. తగ్గింపు ధరకి పెడితే తగ్గింపు కొనేవాళ్ళే తెలుస్తారు. పూర్తి ధరకి పెట్టాలి. చుట్టాలు కొన్నవి తీసెయ్యాలి. పండగ వారం వేరుగా రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆగే గీత ముందే గియ్యాలి, ఫలితం చూశాక కాదు.

ఎనిమిది వారాల సగటు ఆరు. బావ వెంటనే అన్నాడు: “మధ్యలో తుపాను ముసురు పట్టింది కదా, ఇంకో నెల చూద్దాం.” నేను ఏమీ అనలేదు. మా అత్త గూట్లోంచి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆ ఎనిమిది వారాల్లోనే ఇంకో సంగతి తెలిసింది. ప్యాకెట్లు నింపడానికి వెళ్ళినప్పుడల్లా మిఠాయి షాపాయన అడిగేవాడు, “బద్ద ఎంతకిస్తారు? ముక్క వారం వారం తేగలరా?” అని. గుండు పప్పు సైజు చెప్పే 240, 320 నంబర్ల గురించి ఆయనకి పట్టింపు లేదు, కాజూ కట్లీలో పడేదానికి ఆకారం ఎందుకు? బిల్లుల్లో ఉన్న ఆ మూడు షాపుల సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. మధ్యలో ఉన్న వ్యాపారికి వేసే రేటు కంటే కాస్త ఎక్కువకి, షాపు అద్దె లేకుండా, మనుషుల్ని పెట్టకుండా ఇలాంటి షాపులకే నేరుగా వెయ్యొచ్చు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

పోతే నెల లాభం కంటే తక్కువే పోయే పనయితే ఇవేవీ వద్దు. చేసి చూడండి, పుస్తకంలో రాసుకోండి. అద్దె అగ్రిమెంటు ఉంటే ఖాళీ చేసినాయన ఫోను నంబరు, మామూలు మంగళవారం లెక్క, చిన్న ట్రయల్, ఈ వరసలో. మిషను కొనాలంటే ముందు అదే మిషను సెకండ్ హ్యాండ్‌లో ఎంతకి పోతుందో కనుక్కోండి, మీ అసలు రిస్కు ఆ తేడాయే. ఊరు కొత్తదయితే ప్రభుత్వ లెక్కలు చూడండి, మీకు తెలిసిన ఊరయితే వాటితో పెద్ద పని లేదు. రిపోర్టు బ్యాంకు కోసం రాయించుకోండి, నాలాంటివాళ్ళూ బతకాలి.

రెండు దారులు రెండు మాటలు చెప్పినప్పుడు నేను మనిషి నోటి మాట కంటే చేతిలో ప్యాకెట్‌ని నమ్ముతాను. కానీ ఆ ప్యాకెట్ ఎందుకు కొనలేదో తెలుసుకోవడానికి మళ్ళీ మనిషి దగ్గరికే వెళ్తాను.

గంటస్తంభం దగ్గర ఆ షాపులో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. బావ వారానికోసారి ఐదు మిఠాయి షాపులకి, ఇద్దరు వంట కాంట్రాక్టర్లకి బద్ద, ముక్క వేస్తున్నాడు. సరుకు కదులుతోంది. డబ్బు మాత్రం ముప్పై రోజులన్నది నలభై ఐదు దాటుతోంది. షెడ్డు పెద్దాయన ఏమీ అనడు, లెక్కల పుస్తకం తెరిచి ఆ పేజీ బావ వైపు తిప్పి పెడతాడు. ఇప్పుడు రెండో కాగితం రాస్తున్నాం: బాకీ ఎన్ని రోజులు దాటితే సరుకు ఆపాలి అని. బావ అరవై అంటున్నాడు, మా అత్త నలభై అంటోంది.